ఈకల టోపీ ఎవరిది?

1974 మే నెల, మొదటి శనివారం. ఆ మధ్యాహ్నం వెర్నెల్ తిన్నది కాగితంలో చుట్టిన వేయించిన చేప, దాని మీద ధారాళంగా కారం సాసు, పక్కన రెండు తెల్ల బ్రెడ్డు ముక్కలు. చేపల కొట్టు పెద్దాయన ఆమె అలసిన మొహం చూసి, అడక్కుండానే ఇంకో ముక్క వేశాడు. ఆ తారీఖు ఆమెకి ఇప్పటికీ గుర్తుండటానికి కారణం మాత్రం చేప కాదు. సరిగ్గా వేళ్ళన్నీ నూనెగా ఉన్నప్పుడు టోపీల కొట్టు తలుపు గంట మోగింది.

లోపలికొచ్చినతను పొడుగ్గా, సన్నగా, ఇస్త్రీ కోటులో ఉన్నాడు. షికాగో నలభై ఏడో వీధిలో శనివారం మధ్యాహ్నం కోటు వేసుకు తిరిగేవాళ్ళు మూడు రకాలు: ఇన్సూరెన్సు వాళ్ళు, పెళ్ళికొడుకులు, పోలీసులకి కబుర్లు మోసేవాళ్ళు. ఇతని చేతిలో రసీదులు లేవు. కోటు మీద పువ్వూ లేదు.

అతను నేరుగా లేత ఊదారంగు టోపీ దగ్గరికెళ్ళి, నడినెత్తిన పట్టుకుని పైకెత్తాడు.

"దాన్ని కింద పెట్టండి," అంది వెర్నెల్.

"చూస్తున్నానంతే."

"చూడ్డానికి కళ్ళు చాలు. టోపీని నెత్తి పట్టుకుని ఎత్తకూడదు, అంచు పట్టుకోవాలి. మిమ్మల్నెవరైనా నెత్తి పట్టుకుని ఎత్తితే బావుంటుందా?"

అతను బుద్ధిగా కింద పెట్టాడు. "మా అమ్మ చెవి పట్టుకుని ఎత్తేది. అదీ అంత బావుండేది కాదు."

వెర్నెల్ నవ్వలేదు. నవ్వితే ధర తగ్గించమంటారని నానమ్మ నేర్పిన పాఠం. అతను ఆమె జుట్టు వైపు చూశాడు. ఆమెది ఆ రోజుల్లో ఆ వీధి పిల్లలందరిలాగే గుండ్రంగా, నల్లటి మబ్బులా పెంచిన ఆఫ్రో జుట్టు.

"ఒక సందేహం," అన్నాడు. "ఈ కొట్లో ఏ టోపీ అయినా మీ తల మీద కూర్చుంటుందా?"

"వంటమనిషి సన్నగా ఉందని మీరు హోటల్లో తినడం మానేస్తారా?"

"లేదు. కానీ కొంచెం అనుమానపడతాను."

అనుమానపడాల్సింది ఎవరో ఆమెకి అప్పటికే తెలుసు. అయినా అతను ఊదా టోపీ కొన్నాడు, ఒక పెద్దావిడకి అన్నాడు. వెళ్తూ వెళ్తూ, గొడుగు ముడుచుకోలేక అవస్థ పడుతున్న ఒక ముసలమ్మ లోపలికొచ్చేదాకా తలుపు పట్టుకుని నిలబడ్డాడు. అది బావుంది అనుకుంది వెర్నెల్. ఆ వెంటనే అతను వెనక్కి తిరిగి అసలు సంగతి అడిగాడు.

"'కప్పు కారే సభ' అని పాత నవల ఒకటుంది. 1931లో ఈ వీధిలోనే అచ్చయింది. మీ ఇంట్లో దాని మాటెప్పుడైనా విన్నారా?"

తెర వెనక కుట్టు మిషను ఆగిపోయింది.

మెడలో టేపుతో, వేలికి తొడుగుతో ఒజెల్లా హైటవర్ బయటికొచ్చింది. చర్చిలో అందరూ మదర్ హైటవర్ అని పిలిచే ఆవిడ వెర్నెల్‌కి నానమ్మ. కొట్టు ఆవిడది. పిల్లని పెంచిందీ ఆవిడే. "వినలేదు," అంది. నిజానికి ఆవిడనెవరూ అడగలేదు. తర్వాత కొట్టుకీ మేడ మెట్లకీ మధ్యనున్న తలుపు ధడాలున వేసుకుని పైకెళ్ళిపోయింది. గోడ మీద టోపీలకి వేలాడే ముసుగు వలలన్నీ ఒక్కసారి వణికాయి. మగపిల్లలు ఎవరైనా వెర్నెల్‌తో ఎక్కువసేపు మాట్లాడినా అదే తలుపు, అదే చప్పుడు. ఆ వీధిలో కొందరు కుర్రాళ్ళు ఆ చప్పుడికి భయపడే టోపీలు పెట్టుకోవడం మానేశారని చెప్పుకునేవారు.

అతని పేరు అంబ్రోస్ పెట్టిగ్రూ. మంగలి షాపు మేడ మీద ముగ్గురే మనుషులున్న ఒక చిన్న ప్రచురణ సంస్థలో పని. నల్లవాళ్ళు రాసి, లోకం మర్చిపోయిన పుస్తకాలు వెతికి మళ్ళీ అచ్చు వేస్తారు. ఈ సంగతులన్నీ తర్వాతి శనివారం, పసుపు టోపీ కొంటూ చెప్పాడు.

నవల సంగతి మాత్రం అతను పాత పత్రికలు దాన్ని తిట్టిన తిట్లలోనే చదివాడట. కథలో ఒక చర్చిలో పెద్దమనుషులంతా కూడతారు, మన జాతిని ఏమని పిలవాలో తేల్చడానికి. ఒకరు కలర్డ్ అంటారు, ఒకరు నీగ్రో అంటారు, ఇంకొకరు ఆఫ్రో-అమెరికన్ అని బల్ల గుద్దుతారు. సంఘం వేస్తారు, దాని మీద ఉపసంఘం వేస్తారు. పైన కప్పు కారుతూనే ఉంటుంది. గిన్నె పెట్టడానికి ఎవరూ లేవరు, ఎందుకంటే లేచినవాళ్ళ కుర్చీ ఇంకొకరు తీసుకుంటారు. రాసినవాడు తన పేరు 'ఒక పొరుగువాడు' అని మాత్రమే వేసుకున్నాడు. ఆ మాట చాలు, వీధి వీధంతా పక్కింటివాళ్ళ వైపు చూడటం మొదలుపెట్టింది. పుస్తకం వచ్చిన వారంలోనే చర్చి ఆడవాళ్ళు కాపీలన్నీ కొనేశారు. మరుసటి వారం అచ్చు వేసినవాడి కొట్టు అద్దం పగిలింది. లైబ్రరీలో కాపీ కూడా ఎవరింటికో వెళ్ళి తిరిగి రాలేదు.

"మా యజమాని ఒక్కటే అన్నాడు," అంబ్రోస్ చెప్పాడు. "ఈసారి అద్దం పగలదని ఆ వీధి పెద్దవాళ్ళ నోట చెప్పించు, అచ్చేద్దాం అని."

వెర్నెల్‌కి అది వింటుంటే నవ్వొచ్చింది. నిరుటి చలికాలంలో వాళ్ళ చర్చిలో యువజన సంఘం పేరులో నీగ్రో తీసి బ్లాక్ అని పెట్టాలా వద్దా అని సాయంత్రాల తరబడి కొట్టుకున్నారు. హీటరు పాడై అందరూ కోట్లతోనే కొట్టుకున్నారు. కానీ నవ్వు బయటికి రానివ్వలేదు.

నానమ్మ అభిప్రాయం వేరే. పాత సంగతులు అడుగుతూ నున్నగా మాట్లాడేవాడు ఎప్పుడూ మేలు కోరి రాడని ఆవిడ నమ్మకం. అతను పోలీసుల మనిషి కావచ్చు, పక్క చర్చి మనిషి కావచ్చు, రెండోదైతే ఇంకా ప్రమాదం. పైగా వారం వారం ఆడవాళ్ళ టోపీలు కొనే బ్రహ్మచారి ఎక్కడైనా ఉంటాడా?

ఆ చివరి ప్రశ్న వెర్నెల్‌ని కూడా తొలిచింది. ఎందుకంటే ఆమె అప్పటికి శనివారాలు చెవులకి పెద్ద రింగులు పెట్టుకోవడం, కుర్చీ తలుపు వైపు తిప్పుకోవడం మొదలుపెట్టింది. చేపలో సగం ఉంచడం కూడా. అతను వచ్చి నిలబడే తినేవాడు, ముళ్ళు తన రుమాల్లో చుట్టుకుని తీసుకెళ్ళేవాడు, కొట్లో వాసన మిగలకూడదని.

ఒక ఆదివారం చర్చి పాటల బృందంలో నిలబడి పాడుతున్నప్పుడు ఆమె కళ్ళు మూడో వరసలో ఆగిపోయాయి. సిస్టర్ టాలివర్ నెత్తి మీద తను చేత్తో కుట్టిన ఊదా టోపీ. హైటవర్ కొట్లో అడుగుపెట్టనని ఒట్టేసుకుని, టోపీల కోసం బస్సెక్కి ఊరి నడిమధ్యకి వెళ్ళే సిస్టర్ టాలివర్. ఆ వెనక వరసలో ముసలి సిస్టర్ బ్యూఫోర్డ్ నెత్తి మీద పసుపు టోపీ. వెర్నెల్ ఒక చరణం మింగేసింది.

మళ్ళీ శనివారం అతను ఆకుపచ్చ టోపీని, ఈసారి అంచు పట్టుకుని, తీసుకొచ్చి కౌంటర్ మీద పెట్టాడు. ఆమె చుట్టి ఇవ్వలేదు.

"ఇది ఏ పెద్దావిడకి?"

"ఇంకా అనుకోలేదు."

"నా టోపీ సిస్టర్ టాలివర్ నెత్తి మీద ఎందుకుంది?"

అంబ్రోస్ మెడ నిమురుకున్నాడు. "ఆవిడకి నప్పలేదా?"

"నప్పడం వేరే సంగతి. ముసలమ్మలకి టోపీలు పెట్టి ఆ పుస్తకం లాగుదామని చూస్తున్నారు, అంతేగా?"

"కొన్న టోపీ పెట్టుకోవడానికి మా ఇంట్లో ఇంకో తల లేదు," అన్నాడు. "మా అమ్మ పోయి ఆరేళ్ళయింది."

అడిగినదానికి అది జవాబు కాదు. అవుననలేదు, కాదనలేదు. ఆ వీధిలో దానర్థం అవుననే. అమ్మ మాట వినగానే ఆమెకి కొంచెం జాలి వేసింది, వేసినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

ఆ బుధవారం నానమ్మ ప్రార్థన కూటానికి వెళ్ళగానే వెర్నెల్ స్టూలెక్కింది. అల్మరా పైన, అన్నిటికంటే వెనక, తాడుతో కట్టిన గుండ్రటి టోపీ పెట్టె ఒకటి. చిన్నప్పటినుంచి ముట్టుకోవద్దన్న పెట్టె. లోపల కర్పూరం వాసన, పల్చటి కాగితం, నల్ల వెల్వెట్ టోపీ. దాని మీద మూర కంటే పొడుగైన తెల్లటి నిప్పుకోడి ఈక. అది ముత్తవ్వది, నానమ్మ వాళ్ళమ్మది అని తెలుసు, ఎప్పుడూ చూడలేదు. టోపీ కింద అట్ట చిరిగిన పుస్తకం. 'కప్పు కారే సభ.'

మెట్ల మీదే కూర్చుని చదివింది. కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది. రాసినవాడెవరో కానీ అందరినీ ఎరిగినవాడు, అందరి మీదా ఎక్కడో ప్రేమ ఉన్నవాడు. తిట్టినప్పుడు కూడా వాళ్ళ ఆకలి, వాళ్ళ భయం మర్చిపోలేదు. తర్వాత నాలుగో అధ్యాయం వచ్చింది. అందులో మిసెస్ క్లోటిల్డా అనే ఆవిడ సభకి వస్తుంది. పొడుగాటి తెల్ల ఈక టోపీ పెట్టుకుని ముందు వరసలో కూర్చుంటుంది, వెనక మూడు వరసలకి పాస్టరు కనబడడు. ప్రతి పేరుకీ చెయ్యెత్తుతుంది, ఏది గెలిచినా తను గెలిచిన పక్షాన ఉండాలని.

వెర్నెల్ పుస్తకం మూసి పెట్టెలోని ఈక వైపు చూసింది. నవ్వు ఆగిపోయింది.

నానమ్మ ఎందుకు మిషను ఆపిందో అర్థమైంది. ఇతను దీన్ని అచ్చు వేస్తాడు. ఊరంతా మళ్ళీ నవ్వుతుంది, ఈసారి నానమ్మని చూసి. కానీ ఆమె గుండెల్లో అంతకంటే పెద్ద ముల్లు ఇంకొకటి ఉంది. అతను ఈ పుస్తకం కోసమే వస్తున్నాడా, తన కోసం కూడా వస్తున్నాడా? అది తెలియకుండా ఇంకో శనివారం రింగులు పెట్టుకోలేదు.

తెలుసుకోవడానికి ఒకటే దారి కనిపించింది.

శనివారం వాన. వీధికి పైనున్న రైలు వంతెన నుంచి నీళ్ళు తెరల్లా పడుతున్నాయి. అంబ్రోస్ తడిసిన కోటుతో లోపలికొచ్చి, ఎప్పట్లాగే, పుస్తకం గురించి ఏమైనా తెలిసిందా అని అడిగాడు. ఆమె కౌంటర్ కింద నుంచి తీసి అతని ముందు పెట్టింది.

"తీసుకెళ్ళండి. వచ్చే శనివారం తిరిగి ఇవ్వాలి. నానమ్మకి తెలియకూడదు. ఇక మీకు టోపీలు కొనే ఖర్చు లేదు."

అతను దాన్ని చేతిలోకి తీసుకుని, అట్ట చిరుగుని బొటనవేలితో సర్దాడు. ఎగిరి గంతెయ్యాల్సిన మనిషి మొహం ఎందుకలా వాడిపోయిందో ఆమెకి తెలియలేదు. ఇలాంటివాళ్ళకి కూడా ఒక్కోసారి సిగ్గేస్తుందేమో అనుకుంది. అతను పుస్తకాన్ని కోటు లోపల పెట్టుకుని, థాంక్స్ చెప్పి వెళ్ళాడు. చేప ముట్టుకోలేదు.

తర్వాతి శనివారం అతను రాలేదు.

మధ్యాహ్నం అయింది, చేప చల్లారింది. మళ్ళీ వాన పట్టింది. సిస్టర్ బ్యూఫోర్డ్ వచ్చి పసుపు టోపీకి రిబ్బను మార్పించుకుని వెళ్ళింది. సాయంత్రం దీపాలు వెలిగే వేళకి వెర్నెల్ చెవి రింగులు తీసి సొరుగులో పడేసింది. పుస్తకం పోయింది, మనిషీ పోయాడు. నానమ్మకి ఏం చెప్పాలో వెతుక్కుంటుంటే ఆవిడే మెట్లు దిగి వచ్చింది.

"అమ్మాయ్, ఆ ఎదురు మందుల షాపు పందిరి కింద నీ కోటు మనిషి నిలబడున్నాడు. నేను ఇస్త్రీ మొదలుపెట్టినప్పటినుంచీ చూస్తున్నా. పందిరి చాలక సగం తడుస్తున్నాడు. అయితే పోలీసు, లేకపోతే పిచ్చివాడు. ఏదో కనుక్కో."

వెర్నెల్ గొడుగు కూడా తీసుకోకుండా వీధి దాటింది.

"ఇక్కడేం చేస్తున్నారు?"

"లోపలికి రావడానికి కారణం వెతుకుతున్నాను," అన్నాడు అంబ్రోస్. పళ్ళు టకటకలాడుతున్నాయి. "ఇన్నాళ్ళూ పుస్తకం అడిగేవాణ్ణి. మీరు ఇచ్చేశారు. ఇక ఏం అడుగుతూ రావాలి?"

"మీకు కావలసింది అదేగా. దొరికింది."

అతను కోటు లోపలినుంచి మైనపు కాగితంలో చుట్టిన పుస్తకం తీశాడు. ఒక్క చుక్క పడలేదు దాని మీద. "నాకిది దొరికి చాలా రోజులైంది. పసుపు టోపీ కొన్న రోజుకే నా దగ్గర ఒక కాపీ ఉంది. సిస్టర్ టాలివర్ ఇచ్చారు. అందుకే కృతజ్ఞతగా ఊదా టోపీ ఆవిడకిచ్చాను."

వెర్నెల్ వానలో అలాగే నిలబడిపోయింది. ఇన్ని రోజులు అతను పుస్తకం కోసం అబద్ధమాడుతున్నాడని అనుమానించింది. అతను నిజంగానే అబద్ధమాడాడు, కాకపోతే వేరే దాని కోసం.

"అంటే దగ్గర పెట్టుకునే వారం వారం వచ్చి నన్ను అడిగారా?"

"అవును."

"అబద్ధాలకోరు."

"అవును," అన్నాడు మళ్ళీ. "మీ నానమ్మ తలుపు వేసే చప్పుడుకి ఇంతకంటే ధైర్యం రాలేదు."

ఆమె అతని చెయ్యి పట్టుకుని వీధి దాటించింది. అంచు పట్టుకున్నట్టే, మణికట్టు దగ్గర, జాగ్రత్తగా.

కొట్లో నానమ్మ కౌంటర్ వెనక నిలబడి ఉంది. ఆవిడ చూపు అతని మొహం మీద లేదు, చేతిలోని పుస్తకం మీద ఉంది. చిరిగిన ఆ అట్ట ఆవిడకి బాగా తెలుసు.

"ఎవరిచ్చారది?"

"నేనే, నానమ్మా," అంది వెర్నెల్.

ఒజెల్లా హైటవర్ మెల్లగా స్టూలు మీద కూర్చుంది. ఆ తర్వాత ఆవిడ చెప్పింది గట్టిగా ఏం కాదు. ఆ పుస్తకం వచ్చిన ఏడు తన తల్లి ఈస్టర్‌కి చర్చికి వెళ్ళలేదనీ, ఈక టోపీ మళ్ళీ పెట్టుకోలేదనీ చెప్పింది. వీధిలో ఎవరు నవ్వినా తనని చూసేనని అమ్మ అనుకునేదట. అమ్మ పోయాక కూడా తను ఆ పెట్టె తాడు విప్పలేకపోయింది. నలభై ఏళ్ళు కాపాడిన పరువు మనవరాలు ఒక కోటువాడి చేతిలో పెట్టింది అంటూ ఆగింది.

అంబ్రోస్ పుస్తకాన్ని రెండు చేతులతో కౌంటర్ మీద పెట్టాడు. "మదర్ హైటవర్, ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతాను. ఈ పుస్తకం మీ ఒక్క ఇంట్లోనే లేదు. నేను తలుపు తట్టిన ప్రతి ఇంట్లోనూ ఉంది. ప్రతి ఇంట్లోనూ టోపీ పెట్టెలోనే. ఎవరి కాపీ వాళ్ళు దాచుకుని, ఊళ్ళో ఇంకెక్కడా లేదనుకుంటున్నారు. ప్రతి ఒక్కరూ నన్ను వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి ఒకటే చెప్పారు, ఆ క్లోటిల్డా తమ అమ్మేనని."

"ఎవరు చెప్పారు?"

"సిస్టర్ బ్యూఫోర్డ్. సిస్టర్ టాలివర్..."

"టాలివరా?" నానమ్మ లేచి నిలబడింది. "లుటీషియా టాలివర్ వాళ్ళమ్మా? ఆవిడ జీవితంలో ఈకన్నది పెట్టుకుందా? ఒక కోడి ఈక ఉండేది, అదీ విరిగిపోయింది. నలభై ఏళ్ళు నా ముందు అమాయకంగా కూర్చుని, లోపల మా అమ్మని తనమ్మ అనుకుంటోందా?"

"ఆవిడ ఏడుస్తూ చెప్పారు, మదర్."

"ఏడవనీ. మా అమ్మ కోసం ఆవిడెందుకు ఏడవాలి?"

ఎవరూ ఆపేలోపు ఆవిడ మేడ మీదికెళ్ళి పెట్టె పట్టుకుని దిగింది. అద్దం ముందు నిలబడి ఈక టోపీ నెత్తిన పెట్టుకుని, పొడుగు సూది గుచ్చి, ముందు కుర్చీలో నిటారుగా కూర్చుంది. అంబ్రోస్‌ని సరిగ్గా వెనక కూర్చోమని వేలితో చూపించింది.

"కుర్రాడా, ఎదురుగా గోడ మీద గడియారం కనిపిస్తోందా?"

అంబ్రోస్ ఎడమకి వంగాడు, కుడికి వంగాడు. "లేదు, మదర్."

"క్యాలెండరు?"

"లేదు."

"తలుపు?"

"సగం."

"మరి?" అంది ఆవిడ, ఇక రుజువు చెయ్యాల్సింది ఏమీ లేదన్నట్టు. అద్దంలో ఈక వైపు చూసుకుంది. మొహంలో ఏదో కదిలి నెమ్మదించింది. వెర్నెల్ నానమ్మని అంత అందంగా ఎప్పుడూ చూడలేదు. "వెనక మూడు వరసలని రాశాడు. తక్కువ రాశాడు. అయిదు. నేను పక్కనే కూర్చునేదాన్ని."

కాసేపటికి ఆవిడే మళ్ళీ అడిగింది, రాసినవాడెవరో తెలిసిందా అని. తెలియలేదన్నాడు. తెలియకపోవడమే మంచిదంది ఆవిడ, లేకపోతే ఇప్పుడు వీధి అంతా వాడు కూడా మా ఇంటివాడే అంటుంది.

"అచ్చు వెయ్యి," అంది చివరికి. "నీ అద్దం పగలదు. కానీ ముందు పేజీలో ఆ టోపీ ఎవరిదో రాయాలి."

"అలా రాస్తే అన్ని ఇళ్ళ పేర్లూ రాయాల్సి వస్తుంది, మదర్."

ఆవిడ ఆలోచించింది. "రాయి. మాది మొదట."

వెర్నెల్ నవ్వింది. ధర తగ్గినా ఫరవాలేదనిపించింది.

నానమ్మ టోపీ తీసి, కాగితం పరిచి, పెట్టెలో పెట్టింది. ఈసారి తాడు కట్టలేదు. చల్లారిన చేప వైపు చూసి, వేడి చేసుకుని ఇద్దరూ తినండి, పిల్లాడు వణుకుతున్నాడు అంది. అబద్ధాలాడే నోటికి కొంచెం కారం ఎక్కువ వెయ్యమని కూడా చెప్పింది. అంటే పందిరి కింది మాటలు కూడా ఎలాగో ఊహించేసిందన్న మాట.

అంబ్రోస్ గొంతు తగ్గించాడు. "మరి వచ్చే శనివారం నేనేం అడగాలి?"

"టోపీ మాత్రం అడక్కండి," అంది వెర్నెల్, సొరుగులోంచి రింగులు తీసి చెవులకి పెట్టుకుంటూ. "సినిమాకి వస్తావా అని అడగండి. నేను కొంచెం అనుమానపడి, తర్వాత వస్తానంటాను."

పైన రైలొకటి వెళ్ళింది. వాన మీద వెలుగు గళ్ళు గళ్ళుగా పరుగెత్తింది. నానమ్మ పెట్టె చంకన పెట్టుకుని మెట్ల వైపు నడిచి, గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. అలవాటుగా గుండ్రటి పిడి మీద చెయ్యి పడింది. వెర్నెల్ ఆ చప్పుడు కోసం భుజాలు బిగించుకుంది.

తలుపు మెల్లగా, గోడ మీద ఒక్క టోపీ వల కూడా కదలకుండా, మూసుకుంది.